రంగు ఎండల చూడాలె

1989 జూన్. సూర్యాపేటలో పొద్దున్నే ఎక్కిన బస్సు గౌలిగూడ బస్టాండులో దింపింది. తలెత్తి చూస్తే పైన బోర్లించిన పీపాలాగా గుండ్రటి రేకుల కప్పు. దానికింద వందల గొంతులు ఒకేసారి మోగుతున్నాయి. నాయన ట్రంకుపెట్టె దించుకుని సైకిల్ రిక్షా బేరం చేశాడు. "కాచిగూడ చౌరస్తా, పోదాం పా" అని రిక్షా అతను పెట్టెను నా కాళ్ల దగ్గర పెట్టాడు.

పుత్లీబౌలి దాటి సుల్తాన్ బజార్‌లోకి మళ్లగానే రిక్షా నడకకు దిగింది. ఒకపక్క చీరలు వేలాడుతున్నాయి, ఇంకోపక్క గాజుల పెట్టెలు తళతళమంటున్నాయి, మధ్యలో ఇసకేస్తే రాలని జనం. అతను గంట కొట్టడం మానేసి నోటితోనే "జర్రా హటో భాయ్, అమ్మా జరుగుర్రి" అంటూ దారి చేసుకున్నాడు. దుకాణాల బోర్డుల మీద ఉర్దూ, తెలుగు, హిందీ, ఇంగ్లీషు నాలుగూ ఉన్నాయి. చదవగలిగినవి చదువుతూ, చదవలేనివి బొమ్మల్లా చూస్తూ పోయాను. కోఠి ఉమెన్స్ కాలేజీలో సీటు వచ్చింది. మా మేనమామ ఇల్లు బడీచౌడీ వెనక సందులో. అక్కడ ఐదేళ్లు ఉన్నాను. ఇప్పటికీ ఎవరైనా హైదరాబాద్ అంటే నా కళ్ల ముందు మెదిలేది కాచిగూడ చౌరస్తా నుంచి మొజంజాహి మార్కెట్ దాకా ఉన్న ఆ ముక్కే.

ఆ పేటను నాకు ఇద్దరు చూపించారు. బట్టల వైపు అత్తమ్మ, పుస్తకాల వైపు మామ.

అత్తమ్మతో తిరిగేది శనివారం సాయంత్రాలు. చీర కొనడం ఆమెకు పెద్ద పని కాదు, ఒక గంటలో తేల్చేసేది. జాకెట్టు గుడ్డ దగ్గరే అసలు సంగతంతా. సుల్తాన్ బజార్ లోపలి సందులో ఒక మ్యాచింగ్ దుకాణం ఉండేది. నాలుగడుగుల వెడల్పు, లోపలికి మాత్రం రైలుపెట్టె అంత పొడుగు. రెండువైపులా నేల నుంచి కప్పు దాకా టూ బై టూ గుడ్డల తానులు, ఎరుపులన్నీ ఒకచోట, పచ్చలన్నీ ఒకచోట. ఒక్క ఆకుపచ్చలోనే ముప్పై నలభై ఉండేవి. చిలకపచ్చ, పిస్తా, మెంతిరంగు, పాచిరంగు, ఇంకా పేర్లు పెట్టనివి ఎన్నో.

ఒకసారి అత్తమ్మ తన గద్వాల చీర తెచ్చింది, నెమలికంఠం రంగు. పడుగు నీలం, పేక ఆకుపచ్చ. ఇటు తిప్పితే నీలం, అటు తిప్పితే ఆకుపచ్చ. అలాంటి చీరకు జాకెట్టు గుడ్డ కలపడం ఎంత కష్టమో నాకు ఆరోజే తెలిసింది. సేఠ్ ఏడు తానులు కిందికి లాగాడు. ఒక్కోదాని అంచు చీర మీద పెట్టి, వేలితో నొక్కి, తల అడ్డంగా ఊపి తీసేశాడు. ఒకటి సరిగ్గా కలిసినట్టు నాకే అనిపించి "ఇది బాగుంది" అన్నాను. ఆయన నవ్వి "ట్యూబ్‌లైట్ కింద అన్నీ మంచిగనే కనపడ్తయమ్మా. రంగు ఎండల చూడాలె" అని చీర కొంగూ తానులూ కలిపి పట్టుకుని దుకాణం మెట్టు దిగాడు. వెంట మేమూ దిగాం. నాలుగింటి ఎండ సందులోకి ఏటవాలుగా పడుతోంది. ఆ వెలుతురులో పెట్టగానే నాకు బాగున్న గుడ్డ బూడిదరంగుకు తిరిగింది. మూడో తాను, లోపల పక్కన పెట్టేసినది, చీరలో కలిసిపోయింది. "ఇదిగో" అన్నాడు సేఠ్. మళ్లీ లోపలికి వచ్చి, ఇనుప కడ్డీతో ఎనభై సెంటీమీటర్లు కొలిచి, కత్తెరతో చిన్న గాటు పెట్టి, చర్రున చింపాడు. పోగు వెంబడే, గీత గీసినట్టు చిరిగింది.

మామ వైపు బజారు ఆదివారం. ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లన్నీ ఆరోజు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్‌ల మీద పుస్తకాలు పరుచుకుంటాయి. గోనెపట్టా మీద, ప్లాస్టిక్ పట్టా మీద, మెట్ల మీద, ఎక్కడ జాగా ఉంటే అక్కడ. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆయన అక్కడ దుకాణం తెరిచాడట, పేటకు ఆయన పేరే నిలిచింది. ఈ సంగతి మామే చెప్పాడు. నడుస్తూ ఏదో ఒకటి చెప్పడం ఆయనకు అలవాటు. ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా ఆయన. చేతిలో ఖాకీ గుడ్డసంచి, చొక్కా జేబులో ఆ రోజుకు ఖర్చు పెట్టదలచుకున్న డబ్బు మాత్రమే, పైసా ఎక్కువ ఉండదు.

పుస్తకం కొనే పద్ధతి కూడా మామ దగ్గరే నేర్చుకున్నాను. కావలసిన పుస్తకం కనపడగానే చేయి వేయొద్దు. పక్కదాన్ని తియ్యాలి, తిరగెయ్యాలి, పెట్టెయ్యాలి. తర్వాత తీరిగ్గా మనదాన్ని తీసి ముందు అట్ట కుట్టు చూడాలి. ఆ మీదట లోపల పేజీలు లెక్క చూసుకోవాలి, నడుమ ఒక ఫారం, అంటే ఒక పేజీల కట్ట, ఊడిపోయి ఉంటుంది ఒక్కోసారి. పాత తెలుగు పత్రికల బైండులు, ఎవరి ఇంట్లోనో మూడు తరాలు చదివి అమ్మేసినవి, అడుగున ఉంటాయి. పైన పరీక్షల గైడ్లు ఉంటాయి. "కింద నుంచి చూస్తూ రా బిడ్డా, పైనుంచి కాదు" అనేవాడు.

అలా కింద నుంచి చూస్తూ వస్తే నాకు దొరికింది ఒక వంటల పుస్తకం. అట్ట లేదు, మొదటి పేజీ లేదు, ఎవరు రాశారో తెలియదు. కానీ దానిని వాడిన మనిషి మార్జిన్ల నిండా నీలం సిరాతో రాసుకుంది. గోంగూర పచ్చడి దగ్గర "నాన్నగారికి కారం సగం." మజ్జిగపులుసు దగ్గర "దించాక ఉప్పు." అరిసెల పాకం దగ్గర "ఈసారి ముదిరింది" అని, దాని కింద వేరే కలంతో "ఈసారి బాగా వచ్చింది" అని. ఆ రెండు మాటల మధ్య ఎన్ని సంక్రాంతులు గడిచాయో. ఆ పుస్తకం ఇప్పుడు నా వంటింట్లో, పప్పుల డబ్బాల పక్కన ఉంది. అరిసెలు ఆమె చెప్పినట్టే చేస్తాను.

సంచి నిండాక గ్రాండ్ హోటల్. 1935 నుంచి ఉన్న ఇరానీ హోటల్ అది. అప్పట్లో అక్కడ ఆడపిల్లలు కూర్చుని చాయ్ తాగడం అరుదు. మామ మాత్రం అదేమీ పట్టించుకోకుండా ఎదుటి కుర్చీ జరిపి "కూసో" అనేవాడు. చిక్కటి చాయ్, పైన మీగడ తెట్టు, పళ్లెంలో ఉస్మానియా బిస్కెట్లు. ఉప్పూ తీపీ కలిసిన ఆ బిస్కెట్‌ను సగం ముంచి, విరిగి పడిపోకముందే నోట్లో వేసుకోవాలి. మామ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు. తాగుతూనే కొన్న పుస్తకాలు బల్ల మీద పెట్టి ఒక్కోదాని గురించి చెప్పేవాడు. నా డిగ్రీ పాఠాల్లో సగం ఇప్పుడు గుర్తులేవు. ఆ బల్ల దగ్గర విన్నవి ఒక్కటీ పోలేదు.

ఆబిడ్స్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఒక్కోసారి బొగ్గులకుంట మీదుగా వచ్చేవాళ్లం. అక్కడ ఇప్పటి తెలంగాణ సారస్వత పరిషత్తులో సభ ఏదైనా ఉంటే మామ వెనక వరుసలో కూర్చునేవాడు, నన్నూ కూర్చోబెట్టేవాడు. 1943లో పుట్టిన పరిషత్తు అది. అవధానాలు, పుస్తకావిష్కరణలు, సంస్మరణ సభలు జరిగేవి. కొన్ని నాకు అర్థం కాలేదు. కానీ ఒక పద్యం బాగా చదివితే మొత్తం హాలు ఎలా కదులుతుందో అక్కడే చూశాను.

వారం మధ్యలో మామ ఆఫీసు నుంచి తిన్నగా ఇంటికి రాడు. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది, అక్కడ పత్రికలు చదువుకుని ఎనిమిదింటికి వస్తాడు. నేను వచ్చిన రెండో వారమే నన్ను తీసుకుపోయి సభ్యత్వం కట్టించాడు. చదువుకునే బల్లల దగ్గర ముసలివాళ్లు, ఉద్యోగాల పరీక్షలకు చదివే కుర్రాళ్లు, మధ్యలో నేనొక్కదాన్ని ఆడపిల్లను. పాత కాగితం వాసన, కప్పు నుంచి వేలాడే ఫ్యాన్ల కిర్రుమనే చప్పుడు.

ఆరోజు ఇంటికి నడుస్తూ మామ చెప్పిన కథ ఇది. 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో ఈ గ్రంథాలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు గారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు కూడా ఉన్నారు వెనకాల. "మునగాలంటే ఎక్కడనుకుంటున్నవ్? మన సూర్యాపేట నుంచి బెజవాడ పొయ్యే తొవ్వల" అని మామ ఆగి మరీ చెప్పాడు, మన పక్కూరి వాళ్లు చేసిన పని అని. నిజాం రాజ్యంలో పాలనంతా ఉర్దూలో. తెలుగు చదువుకు బళ్లు లేవు, పుస్తకాలు లేవు. ఇంతమంది తెలుగువాళ్లున్న ఊళ్లో తెలుగు పుస్తకం కోసం కూర్చునే చోటు లేదు.

"మరి ఈ బజార్లనే ఎందుకు పెట్టిన్రు మామా?"

"ఇది అప్పుడు రెసిడెన్సీ బజార్. ఇంగ్లీషోళ్ల రెసిడెంటు, అంటె నిజాం కాడ ఉండె వాళ్ల మనిషి, ఆయన చేతుల ఉండేది, నిజాం హుకుం ఈడ నడువది. ఈడ నలుగురు కూసుంటె అడిగెటోడు లేడు. గందుకు."

1933లో ఈ బజార్లను నిజాంకు తిరిగి అప్పగించాకే సుల్తాన్ బజార్ అన్న పేరు వచ్చిందట. నేను రోజూ జడపిన్నులు కొనుక్కునే వీధి అది. చీరల మధ్య, గాజుల మధ్య, మా భాష తలదాచుకున్న చోటు అదేనని తెలిశాక ఆ వీధిలో నా నడక మారింది.

ఇంకోరోజు జాంబాగ్ వైపు వెళ్తూ వివేకవర్ధిని బడి గేటు ముందు ఆపాడు. "ఈడనే మనోన్ని జూసి నవ్విన్రు" అన్నాడు. 1921లో అక్కడ కార్వే గారి అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరిగింది. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడినవాళ్లను సభ విన్నది. అల్లంపల్లి వెంకటరామారావు గారు లేచి తెలుగులో మొదలుపెట్టగానే గోల చేసి, చప్పట్లు కొట్టి కూర్చోబెట్టారు. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్లు ఒకచోట చేరి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు గారు, బూర్గుల రామకృష్ణారావు గారు అందులోవాళ్లే. చెప్తుంటే మామ గొంతు బొంగురుపోయింది. డెబ్భై ఏళ్ల నాటి అవమానం ఆయనకు నిన్నటిదిలా ఉంది. గేటు లోపల పిల్లలు ఆడుకుంటున్నారు.

కాలేజీ సంగతి చెప్పకపోతే ఆ పేట సగమే చెప్పినట్టు. మా కాలేజీయే ఆ పాత రెసిడెన్సీ. ముందు ఎత్తైన స్తంభాలు, వెడల్పాటి మెట్లు, మెట్లకు రెండువైపులా రెండు సింహాలు. లోపల దర్బారు హాలు, రంగులు వెలిసిన కప్పు, రెండు వంపులు తిరిగి పైకి పోయే మెట్లు. పద్దెనిమిది వందల తొలి ఏళ్లలో రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించాడు. ఆయన పెళ్లాడిన ఖైరున్నీసా బేగం పరదా మనిషి, జనానా దాటి ముందువైపుకు రాదు. అందుకని ఆ భవనమంతటినీ చిన్న బొమ్మలా చేయించి ఆమె తోటలో పెట్టించాడని చెప్పుకుంటారు. ఆ బొమ్మ భవనం మా రోజుల్లోనూ వెనకాల పిచ్చిచెట్ల మధ్య ఉంది, బాగా దెబ్బతిని. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని దాని దగ్గర కూర్చునేవాళ్లం. ఇంత పెద్ద ఇల్లు కట్టించుకుని, దాని ముఖం బొమ్మలోనే చూసుకున్న మనిషి గురించి మా పిల్లల్లో ఒక్కొక్కరు ఒక్కో కథ అల్లేవారు. 1805లో వాళ్ల పిల్లలిద్దరినీ ఇంగ్లండ్‌కు పంపించేశారు, అదే ఏడు ఆయన కలకత్తాలో పోయాడు. ఆ సంగతి తెలిసినరోజు మేము ఎవరమూ సరిగా తినలేదు.

అదే భవనం మీదికి 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ మనుషుల్ని వెంటేసుకుని దాడికి వచ్చారు. కోఠి బస్టాప్ దగ్గర వాళ్ల గుర్తుగా స్తూపం ఉంది. మేము ప్రతిరోజూ దాని పక్కనే బస్సు కోసం నిలబడేవాళ్లం.

నా స్నేహితురాలు ఒకతె సాయంత్రాలు రాంకోఠిలోని సంగీత నృత్య కళాశాలలో వీణ నేర్చుకునేది. ఆమె కోసం బయట బల్ల మీద కూర్చుని ఎదురుచూసేదాన్ని. ఒక గదిలో సరళీ స్వరాలు, పక్కగదిలో మృదంగం, పైనెక్కడో "తెయ్యుం దత్త తెయ్యుం తా" అని తట్టుకర్ర చప్పుడు. ఒకదానికొకటి పొంతన లేదు. కానీ అరగంట కూర్చుంటే చెవి దానంతటదే ఒకదాన్ని పట్టుకుని మిగిలినవి వదిలేసేది. నాకు పాట రాదు. వినడం మాత్రం ఆ బల్ల మీదే వచ్చింది.

క్లాసు అయ్యాక ఇద్దరం కోఠికి వచ్చి గోకుల్ చాట్ దగ్గర నిలబడేవాళ్లం. కచోరీని బొటనవేలితో నడిమికి పగలగొట్టి, మీద రగడా పోసి, పెరుగు, తీపి చట్నీ, కారం చట్నీ, సేవ్. దొన్నె అడుగున మిగిలిన పులుసు కోసం పోటీ పడేవాళ్లం. ఎండాకాలంలో మామ అందరినీ మొజంజాహి మార్కెట్‌కు తీసుకుపోయేవాడు. 1935లో కట్టిన నల్లరాతి మార్కెట్, మధ్యలో గడియారం బురుజు. దాని వాకిట్లో కుర్చీలు వేసి ఐస్‌క్రీమ్ అమ్ముతారు. సీతాఫలం కాలంలో సీతాఫలం, మామిడికాలంలో మామిడి. గుజ్జు నాలుకకు తగిలేది. పిల్లలు తినేసి కుర్చీల మధ్య పరుగెత్తేవారు, మామ మాత్రం చల్లదనానికి పళ్లు జిల్లుమంటుంటే కళ్లు మూసుకుని ఒక్కో చెంచా తినేవాడు. నా మొదటి జీతంతో అందరికీ ఆబిడ్స్ తాజ్‌మహల్ హోటల్లో భోజనం పెట్టించాను. అత్తమ్మ సాంబారు రెండోసారి పోయించుకుని "ఇంట్ల ఎవరన్న ఇట్ల కాగబెడ్తరా" అని మెచ్చుకుంది.

పెళ్లయి కరీంనగర్ వెళ్లిపోయాను. 2007 ఆగస్టు 25 రాత్రి టీవీలో గోకుల్ చాట్ దగ్గర బాంబు పేలిందని విని చేతిలో పళ్లెం వదిలేశాను. మామకు ఫోను కలవలేదు. గంటన్నర తర్వాత కలిసింది. "మేం మంచిగున్నం బిడ్డా" అని, కాసేపు ఏమీ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. మేమిద్దరం వీణ క్లాసు అయ్యాక నిలబడే అదే చోట, అలాగే చదువయ్యాక వచ్చి నిలబడిన పిల్లలు పోయారు. తర్వాత దుకాణం మళ్లీ తెరిచారు. నేను వెళ్లాను కానీ ఆ మొదటిసారి కచోరీ గొంతు దిగలేదు.

మామ 2014లో పోయాడు. గౌలిగూడ రేకుల కప్పు 2018లో కూలిపోయింది. 2020 ఫిబ్రవరి నుంచి బడీచౌడీ, సుల్తాన్ బజార్ మీదుగా మెట్రో నడుస్తోంది. ఆ ఇరుకు వీధి నడిమధ్య స్తంభాలు దిగాయి, పైన కాంక్రీటు కప్పు వచ్చింది. కిందంతా పొద్దస్తమానం సాయంత్రంలా ఉంటుంది. ఆ రైలెక్కి హాయిగా వచ్చేవాళ్లున్నారు, కాదనను. నాకు మాత్రం ఆ వీధి మీద ఆకాశం లేకపోవడం ఇంకా అలవాటు కాలేదు.

పోయిన సంక్రాంతికి ముందు అత్తమ్మ తన నెమలికంఠం చీర నాకు ఇచ్చేసింది. "నేనింక యాడ కడ్త, నువ్వు కట్టుకో" అంది. పాత జాకెట్టు నాకు పట్టదు. ఆదివారం ఆబిడ్స్‌లో పుస్తకాలు చూసి, మామ ఖాకీ సంచిలో రెండు వేసుకుని, మరునాడు చీర పట్టుకుని సుల్తాన్ బజార్ వెళ్లాను. మ్యాచింగ్ దుకాణం ఉంది. ఆ సేఠ్ లేడు, ఆయన కొడుకు ఉన్నాడు, అతని జుట్టూ నెరిసింది. ట్యూబ్‌లైట్లు పోయి తెల్లటి ఎల్‌ఈడీలు వచ్చాయి. తానులు మాత్రం అలాగే కప్పు దాకా ఉన్నాయి. అతను చీర కొంగును వేళ్ల మధ్య రాసి చూసి "పాత గద్వాల్" అన్నాడు. ఐదు తానులు లాగాడు. రెండు పక్కన పెట్టాడు. తర్వాత ఏమీ అనకుండా చీరా ఆ రెండు తానులూ చంకన పెట్టుకుని మెట్టు దిగాడు.

సందు మొదట్లో ఎండ లేదు. అతను ఆగలేదు. తోపుడుబండి పక్కనుంచి, గాజులవాడి గొడుగు కిందనుంచి, మెట్రో స్తంభం దాటి, అవతల రెండు భవనాల నడుమ చాపంత ఎండ పడుతున్న చోటికి నడిచాడు. నేను వెనకాలే వెళ్లాను. అక్కడ నిలబడి కొంగును పరిచి, ఒక తాను అంచు దాని మీద పెట్టాడు. నీలం ఆకుపచ్చయింది, ఆకుపచ్చ నీలమయింది.